రెండు కుడి చేతుల జాకెట్టు

దేవుడు మనిషికి ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి ఇచ్చి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. వికారాబాద్‌లో ఒక పెళ్లికూతురికి రెండు కుడి చేతులు ఇచ్చాను. అదీ పెళ్లి నాలుగు రోజులుందనగా! ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, కూర్చోండి. చేతిలో టీ ఉంటే పక్కన పెట్టండి. నవ్వినా ఒలుకుతుంది, నా మీద కోపమొచ్చినా ఒలుకుతుంది.

మాది తాండూరు. మా ఆయన నర్సింలు నాపరాళ్ల పాలిషింగ్‌లో పని చేస్తాడు. నేను చదివింది ఐదో తరగతి, నేర్చింది మగ్గం పని. జాకెట్టు గుడ్డను నాలుగు కర్రల చట్రానికి బిగించి, జరీతో, పూసలతో, రంగుదారాలతో పువ్వులూ తీగలూ కుడతాను. ఆ తర్వాత టైలరు దాన్ని కత్తిరించి జాకెట్టు చేస్తుంది. ఎవరి దగ్గరా జీతానికి ఉండను. నా ఇల్లు, నా మగ్గం, నా డిజైను. నిజం చెప్పాలంటే అప్పట్లో ఆ మూడో ముక్క దగ్గరే నాకు పిచ్చి పట్టింది.

డిజైను దొంగలు లోకమంతా తిరుగుతున్నారనీ, వాళ్లందరికీ తాండూరులో మా గల్లీయే కావాలనీ నాకొక గట్టి నమ్మకం. మగ్గానికి పాత దుప్పటి కప్పేదాన్ని. కిటికీకి చీర కట్టేదాన్ని. పాలామె వస్తే తలుపు సందులోంచి గిన్నె మాత్రం బయటికి పెట్టేదాన్ని. మా ఆయన కూడా ఆ గదిలోకి రావాలంటే దగ్గి రావాలి.

ఒకసారి ఆయనకు ఒళ్లు మండింది.

"నేను రాయి పాలిష్ చేసేటోన్ని. నీ డిజైన్ ఎత్కపోయి ఏం జేస్త? నాపరాయి మీద కుడుతనా?"

"ఏమో, నీ నోట్లె మాట ఆగదు. చాయ్ హోటల్ల చెప్పినా చెప్తవ్."

"చాయ్ హోటల్ల ఎవడే జాకెట్ల ముచ్చట అడిగేది?"

నాకు ఆర్డర్లు తెచ్చిచ్చే మనిషి సావిత్రక్క. వికారాబాద్‌లో పేరున్న టైలరు. మాట కటువు, మనసు మెత్తన. మాలాంటి వాళ్లందర్నీ ఆమె ఫోన్‌లో ఒక గ్రూపు చేసింది. కుట్టేవాళ్లు, మగ్గం వాళ్లు, గోరింటాకు పెట్టేవాళ్లు, చీర కొంగులకు కుచ్చులు కట్టేవాళ్లు, వికారాబాద్ నుంచి తాండూరు దాకా అందరూ అందులో ఉన్నారు. ఒకరికి పని ఎక్కువైతే ఇంకొకరికి ఇచ్చుకోవాలి, తెలియనిది అడిగి తెలుసుకోవాలి అని ఆమె ఆలోచన. ఆ గ్రూపులో నేను చేసే పని ఒకటే. పొద్దున లేవగానే గులాబీ పువ్వు బొమ్మ పెట్టి 'శుభోదయం' అనేదాన్ని. ఆ తర్వాత అందరి డిజైన్లనూ వేళ్లతో పెద్దవి చేసుకుని తీరిగ్గా చూసేదాన్ని. నావి మాత్రం ఒక్కటంటే ఒక్కటి పెట్టిన పాపాన పోలేదు. ఎవరు దొంగో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

మా ఇంటికి రెండు గల్లీల అవతల రెహానా ఉండేది. ఆమెదీ మగ్గం పనే. ఒకరోజు మా గుమ్మంలో నిలబడి అడిగింది.

"సుగుణక్కా, నాకు పెద్ద ఆర్డర్ వచ్చింది. ఇద్దరం ఒక్క మగ్గం మీద కూసుందమా? జల్ది అయితది."

"లేదమ్మా, నేను మగ్గం బంద్ చేసిన. కండ్లు గుంజుతున్నయి. ఇప్పుడు అప్పడాలు చేసుకుంటున్న."

రెహానా నా మొహం చూడలేదు. నా తల వైపు చూసి, "సరే అక్కా" అని వెళ్లిపోయింది. తలుపేసుకుని అద్దంలో చూసుకుంటే, జుట్టు నిండా బంగారు రంగు పూసలు! ఆ మధ్యాహ్నం పూసల డబ్బా మీదే తల వాల్చి నిద్రపోయానులెండి.

ఇలాంటి రోజుల్లో వచ్చింది శ్రావణి పెళ్లి జాకెట్టు.

శ్రావణి వాళ్లది కోట్‌పల్లి దగ్గర వ్యవసాయం. తండ్రి కాంట్రాక్టులు కూడా చేస్తూ వికారాబాద్‌లో ఇల్లు కట్టాడు. తల్లి యశోదమ్మ సావిత్రక్క దుకాణంలో పట్టుచీర మీది జాకెట్టు గుడ్డ పరిచి, నా చెయ్యి పట్టుకుంది. మిరపపండు రంగు గుడ్డ, చిలకపచ్చ అంచు.

"చూడు సుగుణమ్మా, చేతులకు నెమళ్లు పడాలె. ఒక్కొక్క చేతికి ఆరు. అన్ని ముందుకే చూసుకుంట నడవాలె. ఒక్కటి సుత ఎనకకు తిరుగొద్దు."

"ఎందుకమ్మా?"

"మా అత్త చెప్పేది. పెండ్లి బట్టల మీద పిట్ట ఎనకకు చూస్తే, పిల్ల పానమంత పుట్టింట్లనే ఉంటదంట. అక్కడ సంసారం నిలవడదంట. నాకు ఉన్నది ఒక్కతే బిడ్డ. నమ్ముతనా అంటే చెప్పలేను, భయమైతే ఉన్నది."

"మీరేం ఫికర్ చేయకండి. నా నెమళ్లు మెడ తిప్పి ఎరుగవు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంటుంది.

ఆమె వెళ్లాక సావిత్రక్క మెల్లగా చెప్పింది.

"సుగుణా, పెద్దింటి పని. ఒక్కదానివి చేయకు. ఎదురుంగ రెహానాను కూసోబెట్టుకో. మగ్గం ఇద్దరు కూసునేటిది."

"నాకెవరూ అక్కర్లేదక్కా."

"పోనీ, సూది పెట్టకముందు గుడ్డ మీద అచ్చు వేసినంక జర ఒక ఫోటో పంపు. ఒకసారి చూస్త."

"ఫోటోనా! గా ఫోన్ల పడితే ఊరంత పోతది అక్కా."

"నాకు పంపితే ఊరంత ఎట్ల పోతదే?"

"ఫోన్లను నమ్మొద్దక్కా" అని, ఫోన్ మీద ఎన్నో పరిశోధనలు చేసిన దానిలా గుడ్డ చుట్టుకుని రైలెక్కాను.

ఇక్కడ మా పనిలోని ఒక కిటుకు చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. డిజైను ముందు కాగితం మీద గీస్తాం. గీత పొడవునా సూదితో చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తాం. కాగితాన్ని గుడ్డ మీద పరిచి, తెల్లపొడి కలిపిన కిరోసిన్‌తో రుద్దితే, ఆ రంధ్రాల్లోంచి బొమ్మ గుడ్డ మీదికి దిగుతుంది. ఒక చేతికి అలా అచ్చు వేశాక, రెండో చేతికి అదే కాగితాన్ని బోర్లా తిప్పి వేయాలి. మన చేతులు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటివి కదా మరి. కానీ నేను మూడేళ్లుగా కుట్టింది గుండ్రటి పువ్వులూ, మామిడి పిందెలూ, ఎటు చూసినా ఒకేలా ఉండే తీగలూ. కాగితం తిప్పే అవసరమే నాకెప్పుడూ రాలేదు. పువ్వుకు ముందూ వెనకా ఏముంటుంది? నెమలికి ఉంటుంది.

నేను తిప్పలేదు.

పదిరోజులు కిటికీకి చీర కట్టుకుని, చెమటలు కక్కుతూ కుట్టాను. నెమలి మెడకు నీలం దారం, తోకకు జరీ, కంటికి ఒక్కో పూస. అంతా అయ్యాక దుప్పటి తీసి, మొట్టమొదటిసారి మా ఆయన్ను దగ్గకుండానే లోపలికి రానిచ్చాను. గుడ్డ మీద పన్నెండు నెమళ్లు, అన్నీ ఒకే వైపుకి తిరిగి వరసగా నడుస్తున్నాయి.

"అబ్బ! ఆగస్టు పదిహేనుకు బడిపిల్లలు పోయినట్టు పోతున్నయి కదనే" అన్నాడాయన.

"ఒక్కటన్నా ఎనకకు తిరిగిందా?"

"ఒక్కటి సుత లేదు."

అదే, అదే మోసం! పరిచిన గుడ్డ మీద పన్నెండూ ఒకే వైపు చూస్తే, తొడుక్కున్నాక ఆరు ముందుకీ ఆరు వెనక్కీ నడుస్తాయి. రాళ్ల పనివాడికి అది తెలియకపోవడం తప్పు కాదు. నాకు తెలియకపోవడం మాత్రం, వంటమనిషి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియకుండా పెళ్లివంట ఒప్పుకోవడం లాంటిది.

మర్నాడు పొద్దున్నే గుడ్డను పసిపాపలా ఒళ్లో పెట్టుకుని వికారాబాద్ వెళ్లాను. సావిత్రక్క దాన్ని బల్ల మీద పరిచింది. చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. పొగడడానికి మాటలు వెతుక్కుంటోందనుకుని నేను సిగ్గుపడుతూ నిలబడ్డాను.

"సుగుణా, ఇట్ల రా. రెండు చేతులు చాపు."

చాపాను. గుడ్డను ముందు నా కుడి చేతికి చుట్టింది. నెమళ్లు దర్జాగా ముందుకు నడిచాయి. అదే గుడ్డ రెండో కొసను ఎడమ చేతికి చుట్టింది. నెమళ్లు వీపు వైపుకి నడిచాయి.

"ఏందే ఇది? పిల్లకు రెండు కుడి చేతులున్నయా?"

"అక్కా…"

"ఈ ఆరు అత్తగారింటికి పోతున్నయి. గా ఆరు సంచులు సర్దుకోని తల్లిగారింటికి వాపస్ వస్తున్నయి!"

ఒక చేతి పనికే ఐదు రోజులు పట్టింది. పెళ్లి ఇంకా నాలుగు రోజులే. అందులో కుట్టడానికి సావిత్రక్కకు రెండు రోజులు కావాలి. ఉన్నది ఒక్కతే బిడ్డ అన్న యశోదమ్మ గొంతు చెవిలో తిరుగుతోంది. ఆ గొంతు చెవిలోనే కాదు, దుకాణం బయట కూడా వినిపించింది!

"సావిత్రమ్మా! జాకెట్ వచ్చిందంట కద!"

సావిత్రక్క గుడ్డను మడిచి ఒక చెయ్యి మాత్రమే పైకి కనిపించేలా బల్ల మీద పెట్టింది. రెండోది కిందికి వేలాడింది. నేను దాని ముందు స్టూలు లాక్కుని, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

యశోదమ్మ నెమళ్లను చూసి కళ్లు పెద్దవి చేసింది. "ఎంత ముద్దుగున్నయమ్మా! నడుస్తున్నట్టే ఉన్నయి. మరి రెండో చెయ్యి?"

"అది సుత అచ్చం గిట్లనే ఉన్నదమ్మా" అంది సావిత్రక్క, నా వైపు కొరకొర చూస్తూ. "జరంత తేడా లేదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే కదా మా ఖర్మ!

ఆమె వెళ్లాక నేను ఏడుపు మొదలుపెట్టాను. సావిత్రక్క కత్తెర తీసింది. నన్ను పొడుస్తుందేమో అనుకున్నాను, పొడిచినా తప్పు లేదు. ఆమె మాత్రం గుడ్డ కొస నుంచి అంచుతో సహా ఒక ముక్క కత్తిరించి నా చేతిలో పెట్టింది.

"ఒక్క చేతికి సరిపోతది. ఇంకొక తప్పుకు మాత్రం గుడ్డ లేదు. ఎల్లుండి సాయంత్రానికి నాకు ఎడమ చెయ్యి కావాలె."

"రెండు రోజుల్ల ఒక్కదాన్ని ఎట్ల చేయాలక్కా?"

"ఒక్కదానివి చేయమని నిన్నెవరు చెప్పిండ్రే? ఎప్పుడన్న చెప్పిన్నా? పో, రెహానా ఇంటికి పో."

తాండూరులో దిగినప్పటినుంచి రెహానా ఇంటిదాకా నేను నడిచిన ఆ నడక గురించి చెప్పకపోవడమే మంచిది. నా ఎడమ చేతి నెమళ్లు కూడా అంత వెనకాడుతూ నడవలేదు. రెహానా మగ్గం మీంచి తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగింది.

"రా అక్కా. అప్పడాలు ఎట్ల నడుస్తున్నయి?"

"రెహానా…"

"మంచిగ ఎండుతున్నయా? నీ అప్పడాలకు పూసలు సుత వేస్తవంట కద. మొన్న నీ జుట్టుల చూసిన."

ఇక దాచి లాభం లేదు. గుమ్మంలోనే కూలబడి కథంతా చెప్పేశాను. గుడ్డ ముక్క చూపించాను. ఆమె చెయ్యి చాపింది.

"కాగితం ఇయ్యి."

ఏ కాగితం? నా నెమళ్ల కాగితం! రాత్రి తలదిండు కింద, పగలు నా సంచి అడుగున, ఎక్కడికెళ్లినా వెంట ఉండే కాగితం! అంత కష్టంలో కూడా నా వేళ్లు దాన్ని వదల్లేదంటే నమ్ముతారా? ఆమె ఒక కొస పట్టుకుని లాగింది, నేను ఒక కొస పట్టుకుని లాగాను.

"అక్కా, వదులు. చిరుగుతది."

వదిలాను. రెహానా దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. బోర్లా తిప్పింది. మగ్గం మీద పరిచింది.

"గింతే" అంది.

పదిరోజుల కష్టం, ఒక పెళ్లికూతురి సంసారం, నా పరువు, అన్నీ ఆ ఒక్క తిప్పుడులో ఉన్నాయి.

ఆమె వెంటనే ఫోన్ తీసి గ్రూపులో ఒక మాట పెట్టింది. అరగంటలో కరణ్‌కోట నుంచి భాగ్యమ్మ బస్సెక్కింది. ఆమె పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టే మనిషి, పూసల పనీ వచ్చు. రెహానా ఆడబిడ్డ నస్రీన్ కూడా వచ్చి కూర్చుంది. అటు ఇద్దరం, ఇటు ఇద్దరం. నా మూడేళ్ల మగ్గం బతుకులో మగ్గానికి అవతలి పక్క మనుషులు కూర్చోవడం అదే మొదలు. అచ్చు పడగానే నలుగురం నాలుగుసార్లు చూశాం. భాగ్యమ్మ అయితే లేచి నిలబడి, చెయ్యి చాపి, నడిచి చూపించింది.

"ఇగో, నేను అత్తగారింటికి పోతున్న. నెమలి నా ముంగట ఉన్నదా, ఎనక ఉన్నదా?"

"ముంగటనే!"

"అయితే కుట్టుండ్రి."

మధ్యలో నా నీలం దారం అయిపోయింది. హైదరాబాద్‌లో ఒకే ఒక్క దుకాణంలో దొరికే దారం అది, ఆ దుకాణం పేరు నేను మా ఆయనక్కూడా చెప్పలేదు. రెహానా లేచి వెళ్లి డబ్బా తెచ్చింది. అదే నీలం, అదే దుకాణం చీటీ.

"నీకు ఈ దుకాణం ఎట్ల తెలుసు?" అన్నాను, నా బంగారం ఆమె మెడలో చూసినట్టు.

"నాకు ఆరేండ్ల నుంచి తెలుసక్కా. నువ్వు అడిగి ఉంటే నేనే తోలుకపోతుంటి."

ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నది మూడేళ్లలో నేర్చుకోలేదు. జరీ పోగు లేవకుండా ముడి ఎలా వేయాలో రెహానా చూపించింది. పెళ్లివాళ్లు ముందుగా మాట్లాడుకునేది గోరింటాకు మనిషితోనేననీ, మగ్గం పనికి ఎవరున్నారని అడిగితే చెప్పడానికి తన దగ్గర నా పేరే లేదనీ భాగ్యమ్మ చెప్పింది.

"నీ పేరు చెప్పుదమంటే, నువ్వు గ్రూపుల పువ్వులు పెడ్తవు తప్ప పని పెట్టవు. నేనేమనుకున్న తెలుసా? పూల దుకాణం అనుకున్న!"

నలుగురం నవ్వితే మగ్గం ఊగింది. "చెయ్యి ఆపుండ్రి, నెమలికి మూడో కాలు వస్తది" అని నస్రీన్ అరిచింది.

రెండో రోజు సూర్యుడు దిగకముందే ఎడమ చెయ్యి సావిత్రక్క బల్ల మీద ఉంది. ఆమె దాన్ని నా చేతికి చుట్టి, చుట్టూ తిరిగి చూసి, ఏమీ అనకుండా కత్తెర తీసుకుంది. సావిత్రక్క ఏమీ అనలేదంటే అదొక పెద్ద బిరుదు.

పెళ్లిరోజు వికారాబాద్ ఫంక్షన్ హాల్లో శ్రావణి రెండు చేతులూ జోడించి మండపం మీదికి నడిచొస్తుంటే, పన్నెండు నెమళ్లూ ఆమె కంటే ముందే బయల్దేరినట్టున్నాయి. యశోదమ్మ నన్ను చుట్టాల మధ్యలోకి లాక్కెళ్లింది.

"ఇగో, ఈమెనే! ఇంత పని ఒక్కతే చేసింది!"

ఒట్టు, 'అవునమ్మా' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పాత సుగుణ అంత తొందరగా చచ్చే రకం కాదు. అప్పుడే ఎదురు బంతిలో రెహానా కనిపించింది. నా వైపు చూసి అప్పడం పైకెత్తి చూపించి, కరకరా నమిలింది.

"ఒక్కదాన్ని కాదమ్మా" అన్నాను గబగబా. "నలుగురం చేసినం. సావిత్రక్కతోని ఐదుగురం."

యశోదమ్మ పక్కనున్న తన ఆడబిడ్డను మోచేత్తో పొడిచింది. "విన్నవా? ఐదుగురంట! నేనేమో ఒక్కతే అనుకోని, నీ కోడండ్లయి ఈమెతోని కాదేమో అని చెప్పలేదు." ఆ ఆడబిడ్డకు కుల్కచర్లలో ముగ్గురు కోడళ్లు, ఇద్దరు కూతుళ్లు. నెలలో గృహప్రవేశం. ఒక్కొక్కరికీ రెండేసి జాకెట్లు. పెళ్లిభోజనం పూర్తి కాకముందే పది జాకెట్లు మా ఐదుగురి ఒళ్లో పడ్డాయి. నేనొక్కదాన్నే అయి ఉంటే, వాటిని కుట్టేసరికి ఆ కొత్తింటికి రెండోసారి సున్నం వేసేవాళ్లు.

మిగిలిపోయిన ఆ రెండో కుడి చేతిని సావిత్రక్క పారేయలేదు. అద్దం కట్టించి దుకాణంలో వేలాడదీసింది. ఒకరోజు యశోదమ్మ వచ్చి దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"సావిత్రమ్మా, మా బిడ్డ చెయ్యి గోడ మీద ఎందుకున్నది?"

సావిత్రక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. నేల ఎటూ చూడలేదు. ఇక తప్పక మొత్తం చెప్పాను. యశోదమ్మ వింటూ వింటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది, నేను కోడిలా కూర్చున్న ఆ స్టూలు మీదే.

"నా బిడ్డ పండుగకు రమ్మంటే 'ఇక్కడ పనుంది, రానమ్మా' అంటున్నది" అంది కళ్లు తుడుచుకుంటూ. "గా చేతిని జర ఇయ్యి. నా దగ్గర ఉంచుకుంట. ఆరు నెమళ్లన్నా నా ఇంటి దిక్కు చూస్తయి."

ఇచ్చేశాం. ఇప్పుడది వాళ్లింటి ముందు గదిలో ఉంది.

ఇన్నేళ్లకు నా నెమలి చాలా దూరం నడిచింది. గ్రూపులో నేనే స్వయంగా కాగితం ఫోటో పెట్టాను, ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకోండని. అడిగి వాడినవాళ్లున్నారు, అడక్కుండా వాడినవాళ్లున్నారు. మొన్న తాండూరు నుంచి వికారాబాద్ రైల్లో వస్తుంటే, ఆ ఒక్క పెట్టెలోనే ముగ్గురి చేతుల మీద చూశాను. పాత అలవాటు, ఊరుకోలేక వంగి వంగి తనిఖీ చేశాను. కుడి చెయ్యి సరిగ్గా ఉంది. ఎడమ చెయ్యి సరిగ్గా ఉంది. ముగ్గురివీ సరిగ్గానే ఉన్నాయి. ఈ డిజైనును ఎవరు ఎత్తుకుపోయినా తప్పు లేకుండా కుట్టారు. లోకం మొత్తంలో దాన్ని తప్పుగా కుట్టింది దాన్ని కనిపెట్టిన మనిషి ఒక్కతే!

అందుకే, నా పూసల డబ్బా మీద చెయ్యి పెట్టి, మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: నాలుగు జతల కళ్లు చూడకుండా గుడ్డ మీద ఇంకెప్పుడూ సూది పెట్టను. మగ్గానికి దుప్పటి కప్పను. కిటికీకి చీర కట్టను. ఈ ఒట్టు తప్పితే, మిగిలిన నా జీవితమంతా నిజంగానే అప్పడాలు చేసుకుంటాను. అవి ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి కాబట్టి, వాటినైనా తప్పు లేకుండా చేస్తానని నా నమ్మకం.